టీచరమ్మ మొహం

"నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్పాలి? మీ నాన్న కదా, మీరే చెప్పండి."

"మా నాన్నకీ నాకూ మాటల్లేవని తెలుసుగా."

"తెలుసు. ఆరు రోజుల నుంచీ మీ ఇద్దరి మధ్యా నేనే టపా మోస్తున్నాను. ఉప్పు గిన్నె ఇమ్మని ఒకరు, పేపరిమ్మని ఒకరు. ఈ కబురు మాత్రం నా వల్ల కాదు."

వంటింట్లో మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకుంటున్నారు. ముందుగదిలో మామయ్య టీవీ ఎదుట కుర్చీ జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. సాయంత్రం ఏడు కావడానికి ఇంకా పావుగంట ఉంది. ఈలోపల ఆ కబురు ఆయన చెవిన వెయ్యాలి. వినడానికి చిన్నదే గానీ, ఈ ఇంట్లో అది చిన్నది కాదు.

'ఎదురింటి వెన్నెల' సీరియల్లోంచి టీచరమ్మ వెళ్ళిపోయింది.

పాత్ర ఉంటుంది, ఆ పాత్ర వేసే పిల్లే మానేసింది. ఇవాళ్టి నుంచి ఇంకో పిల్ల వస్తుంది. కోడలి భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మధ్యాహ్నం ఎక్కడో తొమ్మిదో అంతస్తులో పనిచేస్తూ ఫోను చూసుకుంటే ఈ వార్త కనబడింది. స్పానరు అక్కడే పడేసి పెళ్ళానికి ఫోన్ కొట్టాడు. తండ్రితో మాటలు బందు పెట్టుకున్నాడు గానీ, తండ్రి సీరియల్ బాగోగులు మాత్రం అతనికి కావాలి.

"పోయిన నెల గుర్తుందా?" అన్నాడు భర్త.

గుర్తు లేకేం! సీరియల్లో గడియారాల తాత అని ఒకాయన ఉండేవాడు. పాత గడియారాలు బాగుచేస్తూ, వీధి మొత్తానికి బుద్ధులు చెబుతూ ఉండేవాడు. ఆ నటుడెవరో మానేస్తే, తాతని ఒక సాయంత్రం రైలెక్కించి పంపించేశారు. మామయ్య రెండు రోజులు కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోయాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను. ఎంతమందిని ఎక్కించుకోలేదు, ఎంతమందిని దింపలేదు! ఎవరికీ ఇంత బాధపడలేదే" అని కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఇంట్లో వాళ్ళకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు అత్తయ్య పక్కనుంది గనుక ఎలాగో గండం గడిచింది. ఇప్పుడు ఆవిడ కూడా లేదు. ఆవిడ చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే సాయానికి వెళ్ళి నాలుగు రోజులైంది.

అత్తయ్య లేకపోయేసరికి ఇల్లు బోసిపోయింది. ఆవిడ నోరు అలాంటిది. సీరియల్ వస్తున్నంతసేపూ పక్కన పీట మీద కూర్చుని "అదిగో వచ్చింది, చూడండి ఆ చూపు, కొరికి తినేసేలా ఉంది, ఇదిగో ఉత్తరం దాచేస్తోంది" అంటూ ఒకటే వ్యాఖ్యానం. స్కూటరెక్కినా అంతే. రోజూ పొద్దున మనవరాలు ముందు నిలబడి, మామయ్య నడుపుతూ, వెనక అత్తయ్య కూర్చుని బయల్దేరేవాళ్ళు. పిల్లని బడి దగ్గర దింపి అటునుంచటే కూరగాయలకి వెళ్ళేవాళ్ళు. దారి పొడుగునా "ఎడమకి, ఎడమకి! ఆపండి, ఆపండి! ఇప్పుడు పోనివ్వండి" అని ఆవిడ కేకలు. వీధిలో అందరూ ఆవిడకి కండక్టరమ్మ అని పేరు పెట్టేశారు. ఆ మాటంటే ఆవిడ నవ్వేసేది. మామయ్యా నవ్వేసేవాడు.

"సరే, నాకు బయట చిన్న పనుంది. అరగంటలో వస్తా" అంటూ భర్త చెప్పులు వెతుక్కున్నాడు.

"పారిపోతున్నారా?"

"పనుందంటే వినవేం?"

"తెలుసులెండి మీ పని. నన్ను ముందుకి తోసి వీధి చివర నిలబడడమేగా!"

అతను వంటింట్లోంచి బయటపడ్డాడు. ముందుగదిలోంచి తండ్రిని దాటుకుని వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ద్వారబంధం కేసి చూసి, వెళ్ళిపోయాడు.

గొడవంతా ఆ ద్వారబంధం దగ్గరే వచ్చింది. పోయిన వారం మామయ్య వీధి గుమ్మానికెదురుగా నిలబడి, కుడివైపు నిలువు కమ్మీ చెక్క మధ్యలో వంగిపోయిందని, తలుపు ఎప్పుడో ఊడి మీద పడుతుందని పట్టుబట్టాడు. కొడుకు తన పనిసంచిలోంచి తిన్నదనం చూసే మట్టం తీసి, కమ్మీకి ఆనించి చూపించాడు. దానిలోని బుడగ కదలకుండా నట్టనడుమ నిలబడింది, అంటే వంకర లేదు.

"నీ బుడగ ఎవడిక్కావాలిరా? నా కళ్ళు నాకు చెప్పవా?" అన్నాడు మామయ్య.

"ఊరికే ఇంట్లో కూర్చుంటే తలుపులన్నీ వంకరగానే కనిపిస్తాయి నాన్నా!"

నోరు జారాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? 'ఊరికే కూర్చుంటే' అన్న మాట మామయ్యకి ముల్లులా దిగింది. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడలేదు.

కోడలు టీ కప్పు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"మామయ్యా, టీ."

"ఆ స్టూలు మీద పెట్టమ్మా." ఆయన చెయ్యి స్టూలు అంచు తడుముకుంటూ వెళ్ళి కప్పు పట్టుకుంది. కుర్చీ టీవీకి ఎదురుగా కాకుండా ఏటవాలుగా వేసుకున్నాడు. మెడ పట్టేసిందని చెప్పి రెండు నెలల నుంచీ అలాగే కూర్చుంటున్నాడు.

"పిడుగేదీ?" అన్నాడు. మనవరాలికి ఆ పేరు ఆయన పెట్టిందే.

"ట్యూషన్లో ఉంది. ఎనిమిదింటికి వస్తుంది. మామయ్యా, మీకొక సంగతి చెప్పాలి."

"చెప్పు."

"కోప్పడకూడదు. దిగులు పడకూడదు."

"అంటే రెండూ పడాల్సిన సంగతే అన్నమాట" అని నవ్వాడు. "కాసేపాగి చెప్పు. పాట వచ్చేస్తోంది."

సీరియల్ పాట మొదలైంది. ఇక లాభం లేదనుకుంది కోడలు. ఆయన పక్కనే నిలబడింది.

బడి వరండాలో టీచరమ్మ నడిచి వచ్చింది. కొత్త పిల్ల. ఇదివరకటి పిల్లది కోల మొహం, నడుం దాటిన జడ. ఈ పిల్లది గుండ్రటి మొహం, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. పొడుగులో కూడా జానెడు తక్కువ. తెర కింద 'ఇకనుంచి టీచరమ్మ పాత్రలో' అంటూ ఆ పిల్ల పేరు పెద్దక్షరాలతో పోతోంది.

ఇక మామయ్య లేచి టీవీ కట్టేస్తాడు. రాత్రికి తిండి మానేస్తాడు.

"వచ్చింది నా తల్లి!" అన్నాడు మామయ్య.

కోడలు ఆయన వంక చూసింది. వేళాకోళమాడుతున్నాడేమో అనుకుంది. ఆయన మొహంలో రోజూ టీచరమ్మని చూసినప్పుడు వచ్చే నవ్వే ఉంది.

"ఇవాళ కాస్త దిగులుగా ఉంది కదమ్మా? ఆ గొంతు వింటే తెలిసిపోతుంది."

గొంతు! తెర మీద మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. పిల్ల మానేసింది గానీ, తెర వెనక గొంతిచ్చే మనిషి మానెయ్యలేదు. టీచరమ్మ మాట నిన్నటిలాగే ఉంది.

కోడలు తెర వైపూ, ఆయన వైపూ మార్చి మార్చి చూసింది.

"జడ... జడ బాగా వేశారు కదా మామయ్యా?" అంది. అడిగాక తన మీద తనకే అసహ్యం వేసింది.

"జడంటే టీచరమ్మదేనమ్మా! ఈ రోజుల్లో అంత జడ ఎవరికుంది?"



ప్రకటనలు మొదలయ్యాయి. వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టిన మామయ్య ఫోను మోగింది. "ఎవరో చూడమ్మా" అన్నాడాయన. కోడలు గబగబా వెళ్ళి తీసింది. అవతల అత్తయ్య. 'హలో' అనేదాకా ఆగే ఓపిక ఆవిడకి ఏనాడూ లేదు.

"ఏమండీ, వినండి, టైము లేదు. టీచరమ్మ మారిపోయింది. గొంతు అదే గాని పిల్ల వేరే. గుండ్రటి మొహం, పొట్టి జుట్టు. కోడలు అడిగితే 'ఈ పిల్ల నాకు నచ్చలేదు, పాత పిల్లే నయం' అని గట్టిగా అనండి. కాస్త కోపంగా అనాలి. ఇంకో మాట, ఆకుపచ్చ చీర కట్టింది. వింటున్నారా? ఉలుకూ పలుకూ లేదేం?"

"అత్తయ్యా. నేను."

అవతల మాట ఆగిపోయింది. అక్కడి టీవీలో కూడా ఇదే సబ్బు ప్రకటన వస్తున్నట్టుంది, ఆ పాట ఫోన్లోంచి సన్నగా వినబడుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది కోడలు.

"వానలప్పటి నుంచి." అత్తయ్య గొంతు చిన్నదైపోయింది. "ముందు పేపరు చదవడం మానేశారు. తర్వాత మొహాలు తెలియడం లేదన్నారు. నట్టనడుమ మసి పూసినట్టు ఉంటుందట. పక్కలు కనిపిస్తాయట."

"మరి స్కూటరు?"

"నేను వెనక ఉంటాను కదమ్మా. అన్నీ చెప్తాను కదా. ఎడమకి, కుడికి, ఆపండి..."

"ముందు పిడుగు నిలబడి ఉంటుంది అత్తయ్యా!"

అత్తయ్య ఏడుపు వినిపించింది. కోడలికి ఒళ్ళు మండిపోతోంది, అదే సమయంలో ఆవిడని పట్టుకుని తనూ ఏడవాలనీ ఉంది.

"తప్పేనమ్మా. ప్రతిరోజూ ఇవాళే ఆఖరు అనుకునేదాన్ని. ఒట్టు వేయించుకున్నారు. స్కూటరు తాళం లాక్కుంటే మూలన కూర్చోవడమే నా బతుకు అన్నారు. నేను లేకుండా మాత్రం పిల్లని ఎక్కించరు, అంతవరకూ నమ్ము."

నిజమే. నాలుగు రోజుల నుంచీ మామయ్య 'బ్యాటరీ దిగిపోయింది, నడిస్తే పిల్లకి మంచిది' అంటూ చెయ్యి పట్టుకుని నడిపిస్తూ తీసుకెళ్తున్నాడు.

"నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో అత్తయ్యా. ఊళ్ళో వాళ్ళందరి కళ్ళూ నేను చూస్తున్నాను. నాకొక్క మాట చెప్పకూడదా?"

"నీకే కదమ్మా అందరికంటే ఎక్కువ భయపడేది! నీకు తెలిస్తే ఊరుకోవని."

"ఊరుకోను" అని కోడలు ఫోను పెట్టేసింది.

వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయింది. వాళ్ళ షాపులో గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది. నిండా గళ్ళు, మధ్యలో ఒక చుక్క. వారానికోసారి వచ్చే కంటి డాక్టరు దాన్ని చూపించి అడగమని ఆమెకి నేర్పాడు. గీతలు తిన్నగా కనిపిస్తున్నాయా, వంగి కనిపిస్తున్నాయా? వంగి కనిపిస్తే అది కళ్ళజోడుతో అయ్యే పని కాదు, ఆ రోజే ఆసుపత్రికి పంపించు, ఆలస్యమయ్యేకొద్దీ ఉన్న చూపు కూడా పోతుంది అనేవాడు. ఎన్ని వందలమందిని అడిగిందో ఆ ప్రశ్న! ఇంట్లో మనిషి తనంతట తనే వచ్చి 'ద్వారబంధం వంగింది' అని చెబితే మాత్రం మొగుడి బుడగనే నమ్మింది.

ముందుగదిలో సీరియల్ మళ్ళీ మొదలైంది. కోడలు మొహం కడుక్కుని వచ్చి, కుర్చీ పక్కన అత్తయ్య పీట మీద కూర్చుంది.

"ఎవరమ్మా ఫోను?"

"అత్తయ్య. పిన్నిగారికి కాస్త నయంగా ఉందట."

ఆయన తలూపాడు. తెర మీద మాటల్లేకుండా సంగీతం ఒక్కటే వస్తోంది. ఆయన వేళ్ళు కుర్చీ చేతి మీద అసహనంగా కొట్టుకుంటున్నాయి. మాటలు లేని చోట ఆయనకి ఏమీ లేదని కోడలికి ఇప్పుడే తెలిసింది.

"టీచరమ్మ తలుపు చాటున నిలబడింది మామయ్యా" అంది మెల్లగా. "చేతిలో ఏదో ఉంది. గడియారం. తాత వదిలేసి వెళ్ళిన గడియారం. చూసుకుంటూ ఏడుస్తోంది. ఇప్పుడు వాళ్ళత్తగారు వెనక నుంచి వచ్చింది, టీచరమ్మ చూడలేదు."

కొట్టుకుంటున్న వేళ్ళు ఆగిపోయాయి.

సీరియల్లో అత్తగారు ఏదో అరుస్తోంది. ఆ మాటలు వాళ్ళిద్దరూ వినలేదు.

"అయితే నీకు తెలిసిపోయింది. ఆ తలుపు వంకరగా లేదన్నమాట" అన్నాడు మామయ్య.

కోడలు ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"వాడి బుడగే నిజమన్నమాట."

"మామయ్యా..."

"టీచరమ్మ నిజంగా మారిపోయిందా? ఇందాక నువ్వు జడ గురించి అడిగినప్పుడే నీ గొంతు వణికింది."

"మారింది. గుండ్రటి మొహం. పొట్టి జుట్టు. బాగానే ఉంది పిల్ల."

"గొంతు అదే కదా?"

"అదే."

"అయితే నాకు మారలేదులే" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "గడియారాల తాత వెళ్ళిపోయినప్పుడు ముసలాడికి మతి పోయిందనుకున్నారు కదూ మీరు? ఆయనది సొంత గొంతు, అమ్మాయ్. మనిషితో పాటు గొంతూ పోయింది. మొహాలన్నీ పోయాక నాకు మిగిలినవి గొంతులే కదా! అందులో ఒకటి తగ్గింది. నీ మొహం చూసి కూడా నాలుగు నెలలైంది."

కోడలు ఏడ్చేసింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. ఆయన తడుముకుంటూ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"ఊరుకో, ఊరుకో. బాగా దగ్గరికొస్తే చెవులు కనిపిస్తాయిలే" అన్నాడు. ఆమెకి ఏడుపులో నవ్వొచ్చింది.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాం" అంది ముక్కు తుడుచుకుని.

"మీ అత్తయ్యని రానీ."

"ఆగను. ఒక్క రోజు కూడా ఆగను. స్కూటరు తాళం కూడా నాకివ్వండి."

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. జేబులో తాళం ఆకారం ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా బండికి గీత పడలేదు" అన్నాడు.

"తెలుసు మామయ్యా."

"వాడికి చెప్పకు. వాడు..." మాట వెతుక్కున్నాడు. "నేను ఊరికే కూర్చునే మనిషినయ్యానని వాడి నోటితో ఇంకోసారి వినలేను."

"ఆయన అలా అనరు. అన్నందుకు ఆరు రోజులుగా నిద్రపోవడం లేదు."

మామయ్య తల అడ్డంగా ఊపాడు. చెయ్యి జేబు మీద నుంచి తియ్యలేదు. కోడలు ఆ చేతి వంకే చూస్తూ కూర్చుంది.

అంతలో గేటు చప్పుడైంది.

"నాన్నా!"

ఆరు రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆ పిలుపు వినిపించింది. కొడుకు ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. వెనక సంచీ భుజాన వేసుకుని ఇంకో మనిషి.

"నాన్నా, నీ మాటే నెగ్గింది. ఇదిగో వడ్రంగి. ద్వారబంధం మొత్తం ఊడబెరికించి కొత్తది పెట్టిద్దాం. ఇంక మాట్లాడతావా నాతో?"

మామయ్య లేచి నిలబడ్డాడు.

వడ్రంగి సంచీ దించి, దారానికి కట్టిన ఇనప గుండుని పైకమ్మీ నుంచి వేలాడదీశాడు. గుండు ఊగి ఊగి ఆగింది. దారానికీ కమ్మీకీ మధ్య సందు పైనా, మధ్యా, కిందా వేళ్ళతో కొలిచాడు.

"ఇది తిన్నగానే ఉందే! ఎక్కడ వంకర?" అన్నాడు.

కోడలు భర్తకి సైగ చెయ్యబోయింది. అతను ఆమె వైపు చూడలేదు.

"సరిగ్గా చూడు. వంకర ఉంది. మా నాన్న ఉందన్నాడంటే ఉన్నట్టే" అన్నాడు. ఆ మాట అబద్ధమని, స్వయంగా మట్టం పెట్టి చూసిన అతనికి తెలుసు.

"అయితే పెద్దాయనా, మీరే వచ్చి చూపించండి" అన్నాడు వడ్రంగి పక్కకి తప్పుకుని.

మామయ్య నాలుగడుగులు వేసి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. కమ్మీ మీద అరచెయ్యి ఆనించి, పై నుంచి నడుం దాకా మెల్లగా కిందికి జార్చాడు. చెక్క ఎక్కడా వంగలేదు. రెండోసారి కూడా జార్చి చూశాడు. తర్వాత కొడుకు గొంతు వినిపించిన వైపు తిరిగాడు.

"వంకర తలుపులో లేదురా."

"మరెక్కడుంది నాన్నా?" కొడుకు నవ్వుతూనే అడిగాడు.

మామయ్య జేబులోంచి స్కూటరు తాళం తీశాడు. కొడుక్కి ఇవ్వడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి కొడుకు నిలబడ్డ చోటికి మూరెడు పక్కగా, ఎవరూ లేని వైపు చాచి ఉంది.

కొడుకు ఆ చేతిని చూశాడు. తండ్రి కళ్ళలోకి చూశాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"తీసుకోరా" అన్నాడు మామయ్య, ఆ ఖాళీ వైపే చూస్తూ.